కీ పోయిన రైలు

కంకిపాడు దాటిన కాసేపటికి బస్సు టైరు పోయింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. వెనక నుంచి ఎవరో ముసలాయన నిట్టూర్చినట్టు గాలి పోయి, బస్సు ఎడమ పక్కకి ఒరిగి, బందరు రోడ్డు అంచున ఒక సిమెంటు కొట్టు ముందు ఆగింది. డ్రైవరు దిగి టైరు వంక చూశాడు. కండక్టరమ్మ దిగి డ్రైవరు వంక చూసింది. ప్రయాణికులంతా దిగి ఆ ఇద్దరి వంకా చూశారు. బండి ఆగితే మనవాళ్ళు చేసే తంతు ఇదే, ఒంటెద్దు బండ్ల కాలం నుంచీ ఇందులో మార్పు లేదు. చక్రం కనిపెట్టినవాడి పేరు ఏ పుస్తకంలోనూ దొరకదు గానీ, అది ఊడినప్పుడు చుట్టూ చేరిన జనం మాత్రం ప్రతి దేశపు కథల్లోనూ ఉంటారు.

వెంకటప్పయ్య అందరికన్నా చివర దిగాడు. అతని చేతుల్లో అట్టపెట్టె ఒకటి ఉంది. దాన్ని పాత పంచె ముక్కలో చుట్టి, పురికొస కట్టి, నిద్రపోతున్న పిల్లని దించుతున్నట్టు రెండు చేతుల మీదా దించుకున్నాడు.

అరవై దాటిన మనిషి. రొయ్యల కంపెనీలో స్టోర్సు మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. లోపలికొచ్చే మేత బస్తాకీ బయటికిపోయే మేత బస్తాకీ మధ్య అతని యవ్వనమంతా గడిచిపోయింది. సాహసాలు చేసినవాడు కాదు, ఎవరినీ ముంచినవాడు కాదు. "వెంకటప్పయ్య గారు అన్నాడంటే అంతేనయ్యా" అని కంపెనీలో ఒక మాట ఉండేది. ఇంకొకరికి పొలమో ఇల్లో ఉన్నట్టు అతనికి ఆ మాట ఉండేది. నిజం చెప్పే మనిషి అని పేరు పడితే ఒక చిక్కుంది. అలాంటివాడు పొరపాటున చెప్పిన మాటని కూడా ఎవరూ పరీక్షించరు.

పెట్టెలో ఉన్నది రైలు. రేకుతో చేసిన, కీ ఇస్తే తిరిగే బొమ్మరైలు. ఆకుపచ్చ ఇంజను, బొగ్గుపెట్టె, రెండు పెట్టెలు, గుండ్రంగా అమరే పట్టాలు. వెంకటప్పయ్య మూడో తరగతిలో ఉండగా వాళ్ళ నాన్న మద్రాసు నుంచి తెచ్చాడు. మొన్న అటక సర్దుతుంటే బయటపడింది. "నడవని రైలు మనకెందుకండీ, పాత సామానుల వాడికి ఇచ్చేస్తా" అంది అతని భార్య. ఆ మాటతో అతనికి పట్టుదల వచ్చింది. బెజవాడ గవర్నరుపేటలో పాత గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడని ఎవరో చెబితే ఫోను చేశాడు. "తీసుకురండి చూద్దాం. కీలు చాలా రకాలుంటాయండి. పోయిన కీ ఎలా ఉండేదో ఓ బొమ్మ గీసుకొస్తే పని తేలికవుతుంది" అన్నాడాయన.

వెంకటప్పయ్య క్యాలెండరు కాగితం వెనక గీయటానికి కూర్చున్నాడు. ఇంజను పక్కన ఎర్ర గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీశాడు. కిటికీల్లో కూర్చున్న దొరసాని టోపీ కూడా గీశాడు. కీ మాత్రం రాలేదు. దానికి సీతాకోకచిలుక రెక్కల్లా ఉండేవా, ఉంగరంలా ఉండేదా, ఎంత గుర్తు చేసుకున్నా చేతికి తగలలేదు. దాన్ని ఎత్తుకుపోయినవాడి మొహం మాత్రం చక్కగా గుర్తుంది.

సిమెంటు కొట్టు రేకుల నీడలో ఇటుకల దొంతి మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో స్టీలు క్యారేజీ, చేతిలో ఆధార్ కార్డు. పెట్టె దించుకుంటున్న వెంకటప్పయ్యని కాసేపు ఎగాదిగా చూసింది.

"ఏవయ్యా, నువ్వు రావమ్మక్క కొడుకువి కాదూ?"

అతను తేరిపార చూశాడు. మొహం ముడతలు పడింది గానీ గొంతు మారలేదు. చిన్నప్పుడు పెరటి గోడ అవతల నుంచి రోజూ వినపడిన గొంతు.

"సుబ్బరత్నం పిన్నీ. నువ్వేంటి ఇక్కడ?"

"బతికే ఉన్నాను నాయనా. ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టు తీసేశాక ఇంట్లో కాలు నిలవటం లేదు. మొన్న అవనిగడ్డ. ఇవాళ గుణదల. మనవరాలి అత్తగారికి ఒంట్లో బాగాలేదంట, పలకరించి రావాలి. ఆవిడకంత పలకరించే జబ్బేం లేదులే, నాకే బస్సెక్కాలనిపించింది." పెట్టె వంక గడ్డం చూపించింది. "ఏంటది, స్వీట్లా?"

"రైలు పిన్నీ."

"రైలా." ఆవిడ కళ్ళు చిట్లించింది. "మీ నాన్న మద్రాసు నించి తెచ్చిందా? ఇంకా ఉందా అది?"

"ఉంది. అప్పట్లో కీ పోయింది కదా, కొత్తది చేయిద్దామని బెజవాడ తీసుకెళ్తన్నా."

"పోవటం ఏంటి, ఎక్కడికి పోయింది? మీ అమ్మ దిండులో పెట్టి కుట్టింది కదా."

పెద్దావిడకి మతి తప్పిందనుకున్నాడు వెంకటప్పయ్య. నవ్వి, సర్ది చెబుతున్నట్టు అన్నాడు. "కోటిగాడు ఎత్తుకుపోయాడు పిన్నీ. చేపల వాళ్ళ కోటి. పెద్ద గొడవైంది, నీకు గుర్తులేదా?"

క్యారేజీ ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. అటు జాకీ ఎత్తుతున్న డ్రైవరుకి ఎవరెవరో సలహాలు చెబుతున్నారు.

"నీకు చెప్పలేదా మీ అమ్మ?" అంది చివరికి. "పోయేలోపల ఒక్కసారన్నా చెప్పుద్దనుకున్నా."

"ఏం చెప్పాలి?"

"నీకు ఫిట్సు వచ్చేవి నాయనా. చిన్నప్పుడు."

"నాకా?"

"నీకే. మరి నాకా."

"ఎండదెబ్బకి పడిపోయేవాడినని చెప్పేది అమ్మ."

"అవును. ముసురు పట్టినప్పుడు కూడా నీకు ఎండదెబ్బే తగిలేది. అనుమానం రాలేదా ఎప్పుడూ?"

రాలేదు. అమ్మ చెప్పింది, అతను నమ్మాడు. పిల్లల జ్ఞాపకాలు సగం వాళ్ళవి కావు, తల్లులు చెప్పినవే.

సుబ్బరత్నం గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. ఆ రోజు రావమ్మ పెరట్లో ఉంది. పిల్లలిద్దరూ వసారాలో రైలు తిప్పుకుంటున్నారు. అప్పట్లో అందరూ అప్పయ్య అని పిలిచే వెంకటప్పయ్య పడిపోయాడు, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. పక్కనున్న కోటికి కూడా అంతే వయసు. వాడు ఏడవలేదు, పారిపోలేదు. వాళ్ళ వాడలో పెద్దవాళ్ళు ఏం చేస్తారో చూసి ఉన్నాడు. చుట్టూ చూస్తే చేతికందే ఇనుము అదొక్కటే. ఇంజనుకి ఉన్న కీ పీకి, అప్పయ్య గుప్పిట్లో పెట్టి, వేళ్ళు ముడిచి, అప్పుడు గోడెక్కి కేకేశాడు.

"నేనొచ్చేసరికి మీ అమ్మ నీ తల ఒళ్ళో పెట్టుకుంది. ఆ గుప్పిట ఇద్దరం కలిసి విప్పలేకపోయాం" అంది సుబ్బరత్నం.

ఇనుముకి మనవాళ్ళు అప్పజెప్పిన పనులు ఇన్నీ అన్నీ కావు. బాలింత తలగడ కింద కత్తి పెడతారు. గుమ్మానికి గుర్రపు నాడా కొడతారు. బజారులో ఎవరన్నా మూర్ఛొచ్చి పడితే ఇప్పటికీ ముందు వినపడే కేక నీళ్ళ కోసం కాదు, తాళాల కోసం. ఎవరో స్కూటరు తాళం ఇస్తారు, ఇంకెవరో బీరువా గుత్తి మొలలోంచి తీసిస్తారు, ఎవరి ఇంటి తాళమో ఎవరి గుప్పిట్లోనో పడుతుంది. చాలా దేశాలవాళ్ళు ఇనుమంటే దెయ్యాలకి భయమని రాసుకున్నారు. అంత నమ్మకంగా, పరుగెత్తుకొచ్చి మరీ ఇచ్చేది మాత్రం మనమేనేమో.

"ఆ కీ చేతిలో ఉండగా తగ్గింది కదా, గుణమంతా దాంట్లోనే ఉందనుకుంది పిచ్చిది. బూరుగుదూది దిండు విప్పి, నడిమధ్య పెట్టి కుట్టేసింది. ఆ దిండు మీద తప్ప పడుకోనిచ్చేది కాదు నిన్ను."

వెంకటప్పయ్యకి ఆ దిండు గుర్తొచ్చింది. బెజవాడ హాస్టలుకి కూడా దాన్నే మోసుకెళ్ళాడు. 'ఎవరికీ ఇవ్వకు, ఎవరి దిండూ నువ్వు వేసుకోకు' అని అమ్మ బస్సు కిటికీ పట్టుకుని మరీ చెప్పింది. పేలు పడతాయని భయమేమో అనుకున్నాడు.

"కోటిగాడి చేత ఒట్టు పెట్టించుకుంది" అని సుబ్బరత్నం కొనసాగించింది. "చేతిలో చెయ్యి వేయించుకుని. ఫిట్సు సంగతి ఎవరికీ చెప్పకూడదని. మూర్ఛ ఉన్న పిల్లాడికి రేపు పిల్లనెవరిస్తారని ఆవిడ బెంగ. నీకు నిక్కరు జారిపోయే వయసు, ఆవిడకి నీ పెళ్ళి గురించి బెంగ. తరవాత నువ్వు లేచి తిరుగుతా, కీ ఏదని అడిగావు. కోటిగాడే తీశాడన్నావు. మీ నాన్నకి దిండు సంగతి తెలీదు, వాళ్ళ నాన్నని పిలిపించాడు."

"అమ్మ ఉందా అప్పుడు?"

"ఉంది. అరుగు మీద చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరతా ఉంది. నేనూ పక్కనే ఉన్నా. నేనూ ఏరతానే ఉన్నా." ఆవిడ చీరకొంగుతో క్యారేజీ మూత తుడిచింది. దాని మీద దుమ్మేం లేదు. "వాళ్ళ నాన్న తడిసిన వల తాడుతో కొట్టాడు. ఆ పిల్లాడు మీ అమ్మ మొహం వంకే చూస్తా తిన్నాడు నాయనా. ఒక్క మాట అన్లేదు. తర్వాత మీ అమ్మ నా చేత వాళ్ళింటికి కొత్త బియ్యం పంపింది. కోటి తల్లి గుమ్మంలోనే తిప్పి పంపేసింది. దొంగ ఇంటికి బియ్యం ఎందుకండీ అంది."

"ఆ కీ ఏమైంది?"

"నీ పెళ్ళి కుదిరాక దిండు విప్పి తీసి పంటకాలవలో పారేసింది. నీకు ఫిట్సు ఆగిపోయి అప్పటికి చాలా ఏళ్ళయింది."

వెనక వచ్చిన ఇంకో బస్సుని కండక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. జనం ఎగబడ్డారు. సుబ్బరత్నం లేచి క్యారేజీ అందుకుంది.

"కోటి ఎక్కడున్నాడో తెలుసా పిన్నీ?"

"భవానీపురంలో. ఘాటు వెనక సందులో చేపలమ్ముతాడు. కార్తీకమాసం స్నానానికి పోయినప్పుడు చూశా. ముసలోడయ్యాడు, గుర్తుపట్టి పలకరించాడు. నేనే మొహం తిప్పుకున్నా." బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి చూసింది. "వెళ్ళు. రైలు చేయించుకోవటం తరవాతైనా అవుద్ది."

బస్సులో ఇద్దరికీ చెరోచోట నిలబడటానికే సందు దొరికింది. పెనమలూరు, కానూరు, పటమట. ఒకప్పుడు వేరే వేరే ఊళ్ళు, మధ్యలో చెరుకు తోటలు. ఇప్పుడు ఎక్కడ ఒకటి ముగిసి ఎక్కడ ఇంకొకటి మొదలైందో బోర్డులు చదివితే తప్ప తెలియదు. వెంకటప్పయ్య బోర్డులు చదవలేదు. పెట్టె గుండెకి హత్తుకుని, కోటి గురించి తనకి తెలిసినవన్నీ తిరగేసుకున్నాడు.

చిన్నప్పటి సంగతి ఒక్కటే అయితే ఇంత బరువుండేది కాదు. పిల్లాడు, తెలియక అన్నాడు. కాలవగట్టు మీద కోటి కనపడినప్పుడల్లా పిల్లలంతా 'కూ చుక్ చుక్' అని అరిచేవాళ్ళు. మొదట అరిచింది అతనే. దాన్ని కూడా పిల్లతనం కింద కొట్టెయ్యచ్చు. కోటి బడి మానేసి తండ్రితో వలకి పోవటం మొదలెట్టింది ఆ ఏడాదే. దానికి వేరే కారణాలున్నాయని సరిపెట్టుకోవచ్చు.

సరిపెట్టుకోలేనిది ఇంకొకటి ఉంది. కంపెనీలో చేరి బాగా కుదురుకున్న రోజుల్లో ఒకసారి కోటి వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. గోడౌను కాపలా పని ఖాళీ ఉందని తెలిసింది, పిల్లలు చిన్నవాళ్ళు, నీటి మీద పని మానేసి నేల మీద బతకాలని ఉంది, ఒక మాట చెప్పమన్నాడు. వెంకటప్పయ్య సరేనని లోపలికి వెళ్ళాడు. ఓనరు అడిగింది ఒకటే ప్రశ్న. "మీ ఊరోడే కదా, నమ్మచ్చా?"

వెంకటప్పయ్య నిజం చెప్పే మనిషి. ఆలోచించి, పగేమీ లేకుండా, బాధ్యతగా చెప్పాడు. "మనిషి మంచోడేనండి. కొంచెం చేతివాటం ఉంది, చిన్నప్పట్నించీ."

ఓనరు ఇంకేమీ అడగలేదు. వెంకటప్పయ్య గారు అన్నాడంటే అంతే.

బయట బల్ల మీద కోటి లేచి నిలబడ్డాడు. లోపల తను ఏమన్నాడో ఆ మొహం చూసి చెప్పలేక, "అడిగాను, చూద్దామన్నారు" అన్నాడు వెంకటప్పయ్య. ఆ తరవాత కోటి మళ్ళీ రాలేదు. అతనూ మళ్ళీ తలుచుకోలేదు. తలుచుకోవాల్సిన తప్పు ఏదైనా చేశానని తెలిస్తే కదా. ఇన్నేళ్ళూ ఆ మాటని తన నిజాయితీ పద్దులోనే వేసుకున్నాడు. ఇప్పుడు తెలిసింది, అది అబద్ధమని. అబద్ధమని తెలియకుండా ఆడిన అబద్ధానికి ఏ ధర్మశాస్త్రంలో ఏ శిక్ష రాసి ఉందో అతనికి తెలియదు.

రెండూ చెప్పాలనుకున్నాడు. కీ సంగతీ చెప్పాలి, కంపెనీ సంగతీ చెప్పాలి. మొదటిది చెప్పి రెండోది చెప్పకపోతే వెళ్ళి ప్రయోజనం లేదు.

గవర్నరుపేట వెళ్ళాల్సిన మనిషి బస్టాండులో దిగి భవానీపురం ఆటో ఎక్కాడు. కొండ కింద ఫ్లైఓవరు మీదుగా ఆటో పోతుంటే ఎడమ పక్క కృష్ణ కనపడింది. ఎండ నీళ్ళ మీద పరుచుకుని ఉంది. నదులన్నిట్లోకీ మన కృష్ణకి ఓపిక ఎక్కువని పాతవాళ్ళు అనేవాళ్ళు. గోదావరి అరుస్తుంది, కృష్ణ వింటుంది అని. ఆటోవాడు వినలేదు, ఫోనులో ఎవరితోనో పోట్లాడుతూనే సందు మొదట్లో దించేసి పోయాడు.

సందులో నీలం పట్టా కింద చేపల బల్ల ఉంది. ఒకావిడ తూస్తోంది, బేరమాడుతోంది, ఈగలు తోలుతోంది, మూడు పనులూ ఒకే చేత్తో. పక్కన కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని ఒక ముసలివాడు బొచ్చె చేప పొలుసు గీకుతున్నాడు.

"ఏంటమ్మా ఈ రేటు, చేప కళ్ళు చూడు ఎలా ఉన్నాయో" అంటోంది కొనే ఆవిడ.

"ఆ కళ్ళతో మిమ్మల్ని చూస్తదా ఏంటండీ, కూరొండుకోటానికే కదా" అని బల్ల దగ్గరావిడ సంచీలో వేసేసింది. "ఈయన్ని చూడండి, కళ్ళు బాగానే ఉంటయ్యి. ఏం లాభం, వండుకుని తింటానా."

ముసలివాడు తలెత్తి నవ్వాడు. ఆ నవ్వులోనే వెంకటప్పయ్యని చూశాడు. కత్తిపీట పక్కకి జరిపి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ లేచాడు.

"అప్పయ్య బాబు గారు కదండీ?"

దారంతా 'ఒరే కోటీ' అని పిలవాలా 'కోటి గారూ' అనాలా అని ఆలోచించుకున్నాడు వెంకటప్పయ్య. రెండూ రాలేదు. తల ఊపాడు.

"వీరమ్మా, మా ఊరి బాబు గారే. చెప్తా ఉంటా చూడు. ఆ స్టూలు ఇట్టా ఇవ్వు."

"రైలు బాబు గారా?" వీరమ్మ స్టూలు మీద నీళ్ళు తుడిచి వేసింది. కళ్ళల్లో అల్లరి. "కూర్చోండి అన్నయ్య గారూ. మీ రైలు కీ ఎత్తుకొచ్చింది ఈయనే కదండీ? పెళ్ళి పందిట్లోనే మా మేనత్త చెప్పింది, జాగర్త అమ్మాయ్, చెయ్యి తిన్నగా ఉండదంట అని. ఎక్కడ దాచావయ్యా అంటే ఇప్పటిదాకా చెప్పడు. ఇంట్లో చెంచా కనపడకపోయినా ముందు ఈయన్నే అడుగుతాం."

నవ్వుతూనే అంది. ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంట్లో అది నవ్వుకునే మాట. కోటి కూడా నవ్వుతున్నాడు, అలవాటైన నవ్వు.

వెంకటప్పయ్య పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఈయన తియ్యలేదమ్మా" అన్నాడు. "నాకు ఫిట్సు వస్తే, ఇనుము అని ఆ కీ నా చేతిలో పెట్టాడు. మా అమ్మ దాచింది. ఎవరికీ చెప్పద్దని ఈయన దగ్గర ఒట్టు వేయించుకుంది. ఇవాళే తెలిసింది నాకు. సుబ్బరత్నం పిన్ని చెప్పింది."

వీరమ్మ చేతిలో ఈగలు తోలే గుడ్డ ఆగిపోయింది. మొగుడి వంక తిరిగింది.

"నిజమేనా?"

కోటి కింద పడ్డ పొలుసులు కాలితో దగ్గరికి తోశాడు. "చిన్నప్పటి సంగతిలే."

"నాతో కూడా చెప్పలేదేంటయ్యా?"

"ఒట్టు కదే."

"ఆవిడ పోయి ఎన్నేళ్ళయింది?"

"మనిషి పోతే ఒట్టు పోద్దా? ఆవిడ చేతిలో చెయ్యేసి చెప్పా కదా."

"మా అమ్మ నీకు డబ్బుల డబ్బా తాళం ఇవ్వలేదు, పోయేదాకా. అప్పుడన్నా చెప్పాలా వద్దా?"

"మీ అమ్మ ఎవరికీ ఇవ్వలేదు తాళం. నా ఒక్కడి లెక్కలో ఎందుకేస్తావు" అన్నాడు కోటి. తరవాత వెంకటప్పయ్య వైపు తిరిగి, అతన్ని తేలికపరచాలన్నట్టు చెప్పాడు. "అసలు సంగతేంటంటే బాబూ, ఆ కీ పెట్టకపోయినా మీరు లేచేవోళ్ళేనంట. మా మనవడికి ఒకసారి జ్వరంలో ఫిట్సొచ్చింది. నేను తాళాల గుత్తి పెట్టబోతే ఆస్పత్రిలో డాక్టరమ్మ తిట్టిపోసింది. చేతిలో ఏం పెట్టద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి చాలు అని. ఆ ముక్క నాకప్పుడే తెలిస్తే మీ రైలు మీకుండేది, నా వీపు నాకుండేది."

నవ్వాడు. వీరమ్మ నవ్వలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ బల్ల మీద మంచు ముక్కలు అటూ ఇటూ సర్దింది. "చూపించండి అన్నయ్య గారూ ఆ రైలు" అంది. పురికొస విప్పారు. కోటి తడి చెయ్యి తగలకుండా మోచేతులు వెనక్కి పెట్టుకుని ఒంగి చూశాడు. చిన్నపిల్లాడిలా చూశాడు. దొరసాని టోపీ చూసి, "ఈవిడ ఇంకా దిగలేదు" అన్నాడు.

వెంకటప్పయ్య పెట్టె మూసే నెపంతో తల దించుకున్నాడు. రెండోది చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోట్లో మాట కూర్చుకుంటుంటే కోటి ఎడమ చెయ్యి కనపడింది. చిటికెనవేలూ ఉంగరపువేలూ లేవు. మొదళ్ళు నున్నగా, చాలా పాతవిగా ఉన్నాయి.

"చేతికి ఏమైంది?"

"ఇదా. బోటు మోకు తీసుకుందండి. నిజాంపట్నంలో మరబోటు ఎక్కాను కదా. వల లాగే మిషనులో మోకు పడి, దాంతోపాటు చెయ్యి పడింది. మంచోళ్ళు, వెంటనే ఆపారు, లేకపోతే మొత్తం పోయేది."

"ఎప్పుడు?"

"మీ కంపెనీకొచ్చాను చూడండి, కాపలా పనికి. అది కుదరలేదు కదా, ఆ ఏడే."

వెంకటప్పయ్య చెప్పటానికి నోరు తెరిచాడు.

వీరమ్మ అందుకుంది. ఆవిడ గొంతు ఇందాకటిలా లేదు, మెత్తబడింది. "అది మాత్రం ఈయన ఎప్పుడూ చెబుతాడండి. మీరు లోపలికెళ్ళి ఓనరుతో మాట్లాడారంట. ఈయన దొంగ అని మనసులో పెట్టుకుని కూడా మాట సాయం చేశారంటే, ఎంత పెద్దమనసుండాలి. మా పెద్దోడికి మీ పేరే పెట్టాలన్నాడు. వెంకటప్పయ్య అంటే మరీ పాత పేరు, అప్పారావు అని పెట్టుకున్నాం."

"ఓనరు వినకపోతే ఆయనేం చేస్తాడు" అన్నాడు కోటి. "బయటికొచ్చినప్పుడు చూశా కదా ఆయన మొహం. నాకన్నా ఆయనే ఎక్కువ బాధపడ్డాడు."

"కోటీ." వెంకటప్పయ్య స్టూలు మీద ముందుకి జరిగాడు. "ఆ రోజు కంపెనీలో నేను..."

"వదిలెయ్యండి బాబూ, దాని గురించి ఇప్పుడెందుకు." కోటి చెయ్యి అడ్డంగా ఊపాడు, మూడు వేళ్ళ చెయ్యి. "ఇన్నాళ్ళకి వెతుక్కుంటా వచ్చారు. ఊరికే పంపుతానా. పొద్దున కొర్రమీను పడింది, మంచిది, బేరానికి పెట్టకుండా లోపల తొట్టిలో దాచా. ఇప్పుడే కోసిస్తా. ఉండండి, కదలకండి."

కత్తిపీట ఎత్తుకుని గుడ్డ తెర జరిపి లోపలికెళ్ళాడు. తొట్టిలో నీళ్ళు చిందిన చప్పుడు, చేప తోక గోడకి కొట్టుకున్న చప్పుడు. బల్ల దగ్గరికి స్కూటరు మీద ఎవరో భార్యాభర్తలు వచ్చారు. వీరమ్మ కళ్ళు తుడుచుకుని రేటు చెప్పింది. వాళ్ళు అందులో సగం అడిగారు. ఆవిడ వాళ్ళ స్కూటరు ఎంతకి కొన్నారో అడిగింది.

వెంకటప్పయ్య స్టూలు మీద కూర్చుని ఆ వాక్యాన్ని సిద్ధం చేసుకున్నాడు. చిన్న వాక్యమే. 'నేనే నీకు చేతివాటం ఉందని చెప్పాను.' ఒకసారి లోపల చెప్పి చూసుకున్నాడు. చెబితే కోటి ఏమంటాడో కూడా తెలుసు. పోనీలెండి అంటాడు. అది అతను మోయలేడు. ఈ ఇంట్లో వీళ్ళు అసలు లేని ఒక మంచిమనిషిని మనసులో నిలబెట్టుకున్నారు, కొడుక్కి పేరు పెట్టుకున్నారు. ఆ మనిషిని ఇవాళ ఈ చేపల పొలుసుల మీద పడుకోబెట్టి వెళ్ళాలా అనుకున్నాడు. మరుక్షణమే ఇది వాళ్ళ మీద దయ కాదని, తన మీద తనకున్న భయమని అతనికి తెలిసిపోయింది. జీవితంలో నిజం చెప్పటం ఇంత కష్టమని మొదటిసారి తెలిసినవాడు, ఇన్నాళ్ళూ చెప్పిన నిజాలన్నీ తేలికైనవేనని కూడా ఆ స్టూలు మీదే తెలుసుకున్నాడు.

లేచాడు. పెట్టె చంకలో పెట్టుకున్నాడు. వీరమ్మ వీపు అటు తిరిగి ఉంది, తక్కెడ పైకెత్తి ముల్లు చూపిస్తోంది. అతను పట్టా కింద నుంచి ఒంగి, ఎండలోకి నడిచాడు. పరుగెత్తలేదు. రోజూ నడిచే నడకే.

వెనక తెర చాటు నుంచి కోటి గొంతు వినపడింది, పనిలో మునిగిపోయిన మనిషి గొంతు.

"బాబూ, తలకాయ ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

సందు మలుపు తిరిగేలోపల ఆ గొంతు ఇంకోసారి అడిగింది.